షెల్ఫ్ నింపడం వాళ్ల అవసరం

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది విజయవాడ. ఆటోనగర్‌లో చిన్న యూనిట్ పెట్టుకుని నాలుగు రకాలు తయారు చేస్తున్నాను: సున్నిపిండి, ముఖానికి రాసుకునే నూనె, తలనూనె, లిప్ బామ్. లైసెన్స్ ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, చుట్టుపక్కల పాతిక షాపుల్లోనూ కలిపి నెలకి నాలుగు లక్షల దాకా అమ్ముతున్నాం. ఈమధ్య ఒక పెద్ద బ్యూటీ స్టోర్ల చైన్ వాళ్లు మా సరుకు నచ్చి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో 38 స్టోర్లలో పెడతామన్నారు. కానీ నాలుగు రకాలతో షెల్ఫ్ నిండదట. నాలుగు నెలల్లో ఇంకో 12 తీసుకురమ్మని జాబితా పంపారు: ఫేస్‌వాష్, విటమిన్ సి సీరం, సన్‌స్క్రీన్, నైట్ క్రీమ్, బాడీ లోషన్, షాంపూ, కుంకుమాది తైలం, పిల్లల లోషన్ ఇలాంటివి. మొదటి ఆర్డర్ ఒక్కో స్టోర్‌కి ఒక్కో రకం ఆరు పీసులు. ఎమ్మార్పీ 450 రూపాయలు ఉండాలి, అందులో 40 శాతం మార్జిన్ వాళ్లది. అమ్ముడుపోనిది వెనక్కి పంపేస్తారు, డబ్బు 60 రోజులకి. కస్టమర్లు వాడి చూసే టెస్టర్లు మనమే ఇవ్వాలి.

ఒక ఫ్యాక్టరీ వాళ్లు తమ దగ్గర రెడీ ఫార్ములాలు ఉన్నాయని, మా లేబుల్ వేసి ఇస్తామని అంటున్నారు. ఒక్కో రకం కనీసం 2,000 పీసులు తీసుకోవాలి, పీసు 55 రూపాయలు. సీసా, పంపు, అట్టపెట్టె కలిపి 22 రూపాయలు, అవి కనీసం 5,000 కొనాలి. టెస్టింగ్‌కీ డిజైన్‌కీ రకానికి 80 వేలు అవుతుందని అంచనా. మా దగ్గర ఆరు లక్షలు ఉన్నాయి. మిగతాదానికి అత్తగారి ఇల్లు తాకట్టు పెడదాం, ఇలాంటి ఛాన్స్ మళ్లీ రాదు అంటున్నారు మావారు. నాకేమో టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: ఇల్లు తాకట్టు పెట్టకండి. మిగతా విషయాలన్నీ దీని తర్వాతే. మీవారు ఇది చదివి కోప్పడతారేమో, అందుకే ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని మిగతాది చదవండి. ఛాన్స్ పోతుందేమోనన్న ఆయన భయం నాకు అర్థమవుతోంది. చిన్న యూనిట్‌లో మొదలైన సరుకు బెంగళూరు స్టోర్‌లో కనిపించడం మామూలు విషయం కాదు. మీ సరుకు బాగుండబట్టే వాళ్లంతట వాళ్లు వచ్చారు. ఆ గౌరవం మీకు దక్కాల్సిందే. అయితే వాళ్లకి నచ్చింది మీరు చేస్తున్న నాలుగు రకాలు. వాళ్లు అడుగుతున్నదేమో మీరు ఎప్పుడూ చేయని పన్నెండు.

ముందు మీరు రాసిన అంకెలనే లెక్క కట్టి చూద్దాం. ఒక్కో కొత్త రకానికి సరుకు 1,10,000, సీసాలూ పెట్టెలూ 1,10,000, టెస్టింగ్ వగైరా 80,000. మొత్తం మూడు లక్షలు. పన్నెండు రకాలకి 36 లక్షలు. ఇప్పుడు వచ్చేది చూడండి. 38 స్టోర్లు, ఆరేసి పీసులు, అంటే రకానికి 228. పన్నెండు రకాలకి 2,736 పీసులు. 450 రూపాయల ఎమ్మార్పీలో వాళ్ల 40 శాతం తీసేస్తే 270, అందులోంచి వీటిలో చాలావాటి మీద ఉండే 18 శాతం జీఎస్టీ పోతే మీ చేతికొచ్చేది దాదాపు 229. మొత్తం ఆర్డర్ విలువ ఆరు లక్షల పాతిక వేల చిల్లర. అదీ అమ్ముడైతేనే, అదీ రెండు నెలలకి.

ఇంకో అంకె కూడా కాగితం మీద రాసుకోండి. మీరు తయారు చేయించే 2,000 పీసుల్లో స్టోర్లకి వెళ్లేవి 228, టెస్టర్లుగా 38. మిగిలిన 1,734 మీ గోడౌన్‌లోనే ఉంటాయి. పైగా మూడు వేల ఖాళీ సీసాలు. తయారైన రోజు నుంచే ఆ సరుకుకి ఎక్స్‌పైరీ దగ్గర పడుతూ ఉంటుంది. ఆరేడు నెలలు పోయాక రీఆర్డర్ వచ్చినా, డేట్ తక్కువ ఉందని చాలా చైన్లు ఆ బ్యాచ్ తీసుకోవు. అప్పుడు సగం ధరకి అమ్మాలి. సగం ధరకి అమ్మితే మీ పాతిక షాపులవాళ్లు ఊరుకుంటారా? మాకెందుకివ్వరు ఆ రేటు అని అడుగుతారు. కొత్త రకాల నష్టం పాత రకాల మీదికి వచ్చేది ఇలాగే.

నేను కొన్నేళ్లు ఒక రిటైల్ చైన్ కొనుగోళ్ల విభాగంలో పనిచేశాను, కాబట్టి అవతలి టేబుల్ దగ్గర ఏం జరుగుతుందో చెప్తాను. ఆ బయ్యర్, అంటే చైన్ తరఫున సరుకు ఎంచుకునే మనిషి, మిమ్మల్ని మోసం చేయాలని చూడటం లేదు. స్టోర్‌లో ఒక బ్రాండ్‌కి ఒక షెల్ఫ్ ఇస్తే అది నిండుగా కనపడాలి. నాలుగు రకాలు పెడితే బోసిగా ఉంటుంది. రెండు మూడు నెలలకోసారి కొత్తది ఏదో ఒకటి చూపించకపోతే కస్టమర్ స్టోర్‌కి రాడని పైవాళ్లు బయ్యర్ ప్రాణం తీస్తుంటారు. అందుకే ప్రతి బ్రాండ్‌నీ కొత్తవి తెమ్మని అడుగుతారు. అడగడానికి వాళ్లకి ఖర్చు లేదు. పన్నెండులో రెండు అమ్ముడై పది మిగిలిపోతే ఆ పదీ మీకు వెనక్కి వచ్చేస్తాయి, వాళ్ల షెల్ఫ్‌లో ఇంకో బ్రాండ్ చేరుతుంది. పైగా బయ్యర్లు ఉద్యోగాలు మారుతుంటారు. మీకు మాటిచ్చిన మనిషి ఏడాది తర్వాత ఆ కుర్చీలో ఉంటారన్న నమ్మకం లేదు. కొత్తగా వచ్చిన వాళ్లు షెల్ఫ్ అంతా మార్చేస్తారు. తాకట్టు పెట్టిన ఇంటి వాయిదాలు మాత్రం ప్రతి నెలా అదే తారీఖున కట్టాలి.

ఇది చిన్నవాళ్లకే వచ్చే కష్టం కాదు. న్యూయార్క్‌లో జారా ఎన్‌జాయ్-ఎంబాయ్ అనే ఆవిడ 2021లో అమీ కోలే అనే బ్రాండ్ పెట్టారు. నల్లని, చామనఛాయ చర్మాలవాళ్ల కోసం మూడే మూడు రకాలతో మొదలైంది. లిప్ ఆయిల్‌కి విపరీతమైన పేరొచ్చింది. పెట్టుబడులు వచ్చాయి, సెఫోరా అనే పెద్ద బ్యూటీ చైన్ స్టోర్లలోకి వెళ్లింది. నాలుగేళ్లకి, 2025 జులైలో, మూసేస్తున్నామని ఆవిడే వ్యాసం రాశారు. స్టోర్‌లో మంచి చోటు కావాలంటే డబ్బు పెట్టాలి, ఆ డబ్బులో పెద్ద కంపెనీలతో పోటీ పడలేకపోయాం అని రాశారు. ఎంత అమ్ముడవుతుందో తెలియకుండానే పెద్ద ఎత్తున తయారీ పెంచాల్సి వచ్చిందని కూడా రాశారు. జనానికి ఆ సరుకు నచ్చలేదని ఎవరూ అనలేదు. నచ్చింది. అయినా నిలబడలేకపోయింది. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు మీలాంటి వాళ్లే గుర్తొచ్చారు, ఎందుకంటే మీ దగ్గర లేని పెట్టుబడిదారులున్న ఆవిడకే అలా అయింది.

మన దేశంలోనే చూడండి. మామాఎర్త్ నడిపే హొనాసా కంపెనీ 2024 జులై-సెప్టెంబర్ త్రైమాసికంలో నష్టం చూపించింది. మధ్యలో సరుకు నిల్వ చేసే పెద్ద టోకు వ్యాపారులను, అంటే సూపర్ స్టాకిస్టులను తీసేసి నేరుగా డిస్ట్రిబ్యూటర్లకి మారే క్రమంలో సరుకు సర్దుబాటు వల్ల ఆ దెబ్బ తగిలిందని కంపెనీయే చెప్పింది. సరుకు మన గోడౌన్ దాటి వేరేవాళ్ల గోడౌన్‌కి చేరినంత మాత్రాన అమ్ముడైనట్టు కాదని షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీకే తెలిసొచ్చింది. వాళ్లు ఆ దెబ్బ తట్టుకున్నారు, ఆ తర్వాత మళ్లీ లాభాల్లోకి వచ్చారు. మీకు అలాంటి త్రైమాసికం ఒక్కటొస్తే ఇల్లే పోతుంది.

డబ్బు సంగతి ఇంతవరకు. నాకు ఇంతకన్నా ఎక్కువ భయం కలిగించింది ఆ జాబితా. మీ నాలుగు రకాల్లో ఒక విషయం గమనించారా? ఒక్కదాంట్లోనూ నీళ్లు లేవు. పిండి, రెండు నూనెలు, మైనంతో చేసిన బామ్. నీళ్లు లేనిచోట బాక్టీరియా, బూజు పెరగడం కష్టం. అందుకే మీరు శుభ్రంగా, పొడిగా చేసుకుంటూ వస్తే ఇన్నాళ్లూ పెద్దగా ఇబ్బంది రాలేదు. వాళ్లు అడిగిన ఫేస్‌వాష్, క్రీమ్, లోషన్, షాంపూ అన్నీ నీళ్లతో చేసేవి. అక్కడ సరుకు చెడకుండా కలిపే ప్రిజర్వేటివ్ సరిగ్గా కుదరకపోతే పైకి బాగానే కనిపించే సీసాలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అది కంటి దగ్గర రాసుకునే క్రీమ్ కావచ్చు, పసిపిల్ల ఒంటికి రాసే లోషన్ కావచ్చు. వ్యాపారం ఒకటే అనిపించినా పని మాత్రం పూర్తిగా వేరు.

ప్రిజర్వేటివ్ పనిచేస్తుందో లేదో చూసే పరీక్షని చాలెంజ్ టెస్ట్ అంటారు. క్రీములో కావాలని సూక్ష్మజీవులను కలిపి, అవి చస్తున్నాయో లేదో 28 రోజుల పాటు చూస్తారు. స్టెబిలిటీ పరీక్షకి శాంపిళ్లను 40 డిగ్రీల వేడిలో మూడు నుంచి ఆరు నెలలు ఉంచి రంగు, వాసన, చిక్కదనం, విడిపోవడం చూస్తారు. మే నెలలో విజయవాడ ఎండలో డెలివరీ వ్యాన్ లోపల ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు, ఆ పరీక్ష మనకి మరీ అవసరం. అదీ ఫ్యాక్టరీ గాజు బీకరులో కాదు, మీరు అమ్మబోయే సీసాలోనే చేయాలి. పంపులోని రబ్బరు ముక్కకీ ఫార్ములాకీ పడకపోయినా సరుకు పాడవుతుంది. ఇప్పుడు నాలుగు నెలల్లోంచి ఈ నెలలన్నీ తీసేయండి. పన్నెండు ఫార్ములాలు ఎంచుకుని, వాడి చూసి, నచ్చకపోతే మార్పించి, సీసా ఖరారు చేసి, లేబుల్ రాయించి, తయారు చేయించడానికి మిగిలేది ఏముంది? ఏదో ఒక పరీక్ష ఎగ్గొడితే తప్ప ఆ గడువు కుదరదు. ఎగ్గొట్టమని ఎవరూ నోటితో చెప్పరు. గడువు మాత్రం అలాగే పెడతారు.

సన్‌స్క్రీన్ గురించి విడిగా చెప్పాలి. రెడీ ఫార్ములా అన్న మాట వినగానే గుర్తొచ్చింది. 2025 జూన్‌లో ఆస్ట్రేలియాలో చాయిస్ అనే వినియోగదారుల సంస్థ 20 సన్‌స్క్రీన్లను పరీక్షిస్తే 16 తమ లేబుల్ మీద రాసిన ఎస్‌పీఎఫ్‌ని, అంటే ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకెని, అందుకోలేదు. అల్ట్రా వయొలెట్ అనే పేరున్న బ్రాండ్ ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ అని అమ్ముతున్న ఒక సన్‌స్క్రీన్‌కి 4 వచ్చింది. మొదట వాళ్లు ఒప్పుకోలేదు, తర్వాత మళ్లీ పరీక్షలు చేయించి, ఫలితాలు పొంతన లేకుండా రావడంతో ఆగస్టులో ఆ సరుకు వెనక్కి తీసుకున్నారు. తర్వాత అక్కడి ప్రభుత్వ సంస్థ ఆరా తీస్తే అదే బేస్ ఫార్ములాతో వేర్వేరు లేబుళ్ల కింద ఇరవైకి పైగా సన్‌స్క్రీన్లు ఉన్నాయని తేలింది. ఒక ఫ్యాక్టరీ ఫార్ములాని పది మంది తమ పేరుతో అమ్ముకుంటే, లోపం బయటపడిన రోజున పది మంది పేరూ పోతుంది. సన్‌స్క్రీన్ నమ్మి ఎండలో తిరిగినవాళ్ల చర్మానికి జరిగిన నష్టం దానికి అదనం. దాన్ని మీ జాబితాలోంచి ఇప్పుడే కొట్టేయండి. పిల్లల లోషన్ కూడా. ఈ రెండూ బాగా అనుభవం వచ్చాక, ఫార్ములాలు తయారు చేసే మంచి నిపుణులతో కలిసి చేయాల్సినవి.

విటమిన్ సి సీరం గాలి తగిలితే, వేడి తగిలితే పసుపు, తర్వాత గోధుమ రంగుకి మారిపోతుంది. మన ఎండలకి రిటర్నులు వచ్చేది అందులోనే ఎక్కువ. కుంకుమాది తైలం సంగతి ఇంకోటి: దాన్ని శాస్త్రోక్తమైన ఆయుర్వేద మందుగా అమ్మాలంటే కాస్మెటిక్ లైసెన్స్ చాలదు, ఆయుష్ లైసెన్స్ ఉండాలి. జాబితా తయారు చేసినవాళ్లు ఇవేవీ ఆలోచించి ఉండరు. పక్క బ్రాండ్ షెల్ఫ్‌లో ఏమున్నాయో చూసి రాసి ఉంటారు.

మరి ఏం చేయాలి? తలుపు మూసేయకండి. మీ తరఫున ఒక ప్రతిపాదన పంపండి. ఇప్పుడున్న నాలుగు రకాలూ ఎనిమిది లేదా పది స్టోర్లలో పెడదాం, ఆరు నెలలు చూద్దాం అనండి. హైదరాబాద్ వరకు చాలు. అక్కడికి మీరు నెలకోసారైనా వెళ్లి షెల్ఫ్ చూసి రాగలరు, సేల్స్ అమ్మాయిలతో మాట్లాడగలరు. స్టోర్‌వారీగా, రకంవారీగా వారం వారం ఎన్ని పీసులు కస్టమర్ చేతికి వెళ్లాయో లెక్క పంపాలని అడగండి. స్టోర్‌కి ఎంత పంపామన్నది మీకూ తెలుసు, ఆ అంకెతో పనిలేదు. బిల్లు పడినవి ఎన్ని, అదే కొన్నవాళ్లు మళ్లీ వచ్చారా అన్నదే చూడాలి.

షెల్ఫ్ బోసిగా ఉంటుందన్న వాళ్ల మాటలో నిజం ఉంది, దానికీ జవాబు మీ దగ్గరే ఉంది. ఇప్పుడున్న రకాల్లోనే చిన్న సైజులు పెట్టండి. కొత్త బ్రాండ్ మీద 450 పెట్టడానికి వెనకాడేవాళ్లు 120 రూపాయల చిన్న ప్యాక్ తీసుకుని చూస్తారు. నాలుగూ కలిపి ఒక గిఫ్ట్ బాక్స్ చేయండి. శ్రావణమాసంలో వాయనాలకి, దీపావళికి, పెళ్లిళ్ల సీజన్‌లో అది కదులుతుంది. బయ్యర్‌కి కావలసిన కొత్తదనం దొరుకుతుంది, మీకు కొత్త ఫార్ములా పరీక్షించే పని ఉండదు. నిజంగా కొత్త రకం ఒకటి తేవాలనుకుంటే కుంకుడుకాయ, శీకాయ పొడితో మొదలుపెట్టండి. అది నీళ్లు లేని సరుకు, మీ యూనిట్‌లోనే అవుతుంది, సున్నిపిండి డబ్బానే వాడుకోవచ్చు. మీ దగ్గర సున్నిపిండి కొనేవాళ్లలో చాలామంది అదీ కొంటారు. మొదట మీ ఇన్‌స్టాగ్రామ్ కస్టమర్లకే అమ్మండి. వాళ్లు రెండోసారి అడిగితే అప్పుడు స్టోర్‌కి పంపండి. దాన్ని కూడా లైసెన్స్‌లో చేర్పించుకోవడం మరచిపోకండి.

షరతుల్లో కొన్నిటి మీద గట్టిగా నిలబడండి. వెనక్కి పంపే సరుకుకి ఒక పరిమితి ఉండాలి, పంపిన దాంట్లో ఇంత శాతం మించకూడదని. కనీసం ఆరు నెలల డేట్ ఉన్న, సీల్ చెడని పీసులే వెనక్కి తీసుకుంటామని రాయించుకోండి. చివరి నెలలో నూనె కారుతున్న సీసాలు అట్టపెట్టెలో వేసి పంపి, మీకివ్వాల్సిన డబ్బులో కోత పెడుతూ వాటికి డెబిట్ నోట్ వేసేవాళ్లుంటారు. టెస్టర్లు రకానికి, స్టోర్‌కి మూడు నెలలకి ఒకటి చాలు. సేల్స్ అమ్మాయి జీతం, షెల్ఫ్ అద్దె, ఆఫర్ డిస్కౌంట్‌లో వాటా లాంటివి తర్వాత అడుగుతారేమో ఇప్పుడే కనుక్కోండి. నోటి మాటగా కాదు, మెయిల్‌లో.

60 రోజుల గడువు గురించి. చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీకు లేకపోతే వెంటనే చేయించుకోండి, అది ఉచితం. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తరహా తయారీదారుకి కొన్నవాళ్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఒప్పందంలో 60 అని రాసుకున్నా సరే. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి ఆదాయపు పన్నులోనూ మెలిక పెట్టారు: గడువు దాటితే, నిజంగా చెల్లించేదాకా ఆ కొనుగోలుని వాళ్లు ఖర్చుగా చూపించుకోలేరు. అందుకే పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లు ఈ మాట వినగానే కొంచెం దిగి వస్తారు. రెండు చిక్కులు మాత్రం ఉన్నాయి. అమ్ముడయ్యాకే కొన్నట్టు అని ఒప్పందంలో రాస్తే ఆ 45 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న వాదన వస్తుంది. బయట ఫ్యాక్టరీలో చేయించి మీ లేబుల్ వేసిన సరుకు విషయంలో మిమ్మల్ని తయారీదారుగా కాక ట్రేడర్‌గా చూడవచ్చు, ట్రేడర్లకి ఈ రక్షణ లేదు. మీ యూనిట్‌లో మీరే చేసుకునే సరుకుకి చట్టం అండ ఎక్కువ. సంతకం పెట్టేముందు మీ సీఏకి ఆ ఒప్పందం చూపించండి.

ఒకవేళ వాళ్లు పన్నెండూ కావాల్సిందే అంటే? అప్పుడు నమస్కారం పెట్టి వచ్చేయండి. నెలకి నాలుగు లక్షలు అప్పు లేకుండా నడుస్తున్న యూనిట్ మీది. ఆ చైన్ కాకపోతే హైదరాబాద్‌లో చిన్న ఆర్గానిక్ స్టోర్లు ఉన్నాయి, సరుకు డబ్బిచ్చి కొనేవాళ్లు వాటిలో దొరుకుతారు. గుంటూరు, రాజమండ్రి, విశాఖల్లో మీరింకా అడుగే పెట్టలేదనుకుంటాను. ఛాన్స్ మళ్లీ రాదన్న మాటకి నా అనుభవంలో ఆధారం కనపడలేదు. అమ్ముడయ్యే సరుకు కోసం బయ్యర్లు మళ్లీ మళ్లీ వస్తారు, అందులోనూ మీ లెక్కలు మీ చేతిలో ఉంటే.

మీవారికి నా తరఫున ఒక మాట. ఆవిడకి నిద్ర పట్టకపోవడం పిరికితనం కాదండీ. సరుకు చేసే మనిషికి, చేతిలోకి రాకుండా తన పేరు వేసుకుని బయటికి వెళ్లబోతున్న పన్నెండు సీసాల గురించి కలగాల్సిన భయమే అది. మీకున్న ఆరు లక్షల్లో లక్షన్నర, రెండు లక్షలు చిన్న సైజులకీ గిఫ్ట్ బాక్స్‌కీ పెట్టండి. మిగతాది ఆ పది స్టోర్ల బిల్లులు వచ్చేదాకా యూనిట్ నడవడానికి ఉంచుకోండి.

రేపోమాపో ఆ ఫ్యాక్టరీ వాళ్లు అడ్వాన్స్ అడుగుతారు. ఏమీ కట్టకముందే రెండు కాగితాలు అడగండి. ఒకటి, వాళ్ల తయారీ లైసెన్స్, ఫారం సీఓఎస్-8, అందులో మీరు చేయించబోయే రకాల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. రెండోది, వాళ్లు చెప్తున్న రెడీ ఫార్ములాకి చేసిన చాలెంజ్ టెస్ట్, స్టెబిలిటీ రిపోర్టులు, తారీఖులతో సహా. అవి ఇవ్వడానికి వారం నాన్చితే ఇక ఆ ఫ్యాక్టరీతో మాట్లాడే పని లేదు. ఇస్తే ఫైల్లో పెట్టుకోండి, వచ్చే ఏడాది ఒక ఫేస్‌వాష్ గురించి ఆలోచించేటప్పుడు పనికొస్తాయి.